చెయ్యి దూరేంత సందు

వారం కిందట తెల్లవారుజామున వాన పడి ఆగింది. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నానో లేదో, వీధిలోకి టిప్పరు వచ్చి పక్క స్థలంలో ఎర్ర గ్రావెల్ దించింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. దాని వెనకే వచ్చిన వాసనకు మాత్రం చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లకుండా ఆగిపోయింది. మా నల్లనేల తడిస్తే నాచూ, కుళ్లిన తూడూ, చేపా కలిసిన వాసన వస్తుంది. ఎర్రమట్టి తడిస్తే తుప్పుపట్టిన మేకును నాలుక మీద పెట్టుకున్నట్టుంటుంది. నల్లజర్ల వైపు మెట్ట నుంచి వచ్చే మట్టి అది. ఆ వాసనను దగ్గరగా పీల్చింది మొదటిసారి గ్రేసమ్మ టీచరు గారి వాకిట్లో. ఈ టిప్పరు దించింది కూడా ఆ వాకిట్లోనే.

ఏలూరులో తమ్మిలేరు పక్కన ఇళ్లున్నవాళ్లకు మెరక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. స్థలం పల్లంగా ఉంటే మట్టి తోలించి ఎత్తు చేసుకుంటారు. అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కవాడి స్థలంలోకి పోతాయి. పక్కవాడు ఇంకో జానెడు ఎక్కువ తోలిస్తాడు. మధ్యలో రోడ్డు వేసేవాళ్లు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పరిచి, మూడు మెట్లు ఎక్కి వెళ్లే ఇంటిని మూడు మెట్లు దిగి వెళ్లే ఇల్లు చేస్తారు. దానికి శిలాఫలకం కూడా. ఎవడి వాకిలి వాడికి పొడిగా ఉంటే చాలు. కానీ నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా. ఆ ఒకచోటు ఎవరిల్లు అని అడిగిన మనిషిని నా డెబ్బై నాలుగేళ్లలో ఒక్కరినే చూశాను. ఆవిడను మీరు చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణి. ఐదో తరగతితో బడి అయిపోయింది. ఆ పైన చదువుకున్నదంతా కిరాణా పొట్లాల కాగితాల మీద, తరవాత గ్రంథాలయం బల్లల మీద. చేతికి వచ్చిన విద్య ఒక్కటే, గట్టు వేయడం. మా లంకల్లో నీళ్లు కనబడితే గట్టు వేస్తారు. పొలానికి గట్టు, చేపల చెరువుకు గట్టు, ఊరికి గట్టు. ముప్పై ఏళ్లు తట్టలు మోసి నేను వేసిన గట్లను, ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువులు కొట్టేయించిన సంవత్సరం, యంత్రాలు ఒక్క పూటలో నీళ్లపాలు చేశాయి. ఆ కోపం మూట కట్టుకుని ఏలూరు వచ్చాను. తమ్మిలేరు పక్క వీధిలో రెండు సెంట్ల ఖాళీ పల్లం కొన్నాను. ఆ వేసవిలోనే నడుమెత్తు మట్టి తోలించి ఇల్లు కట్టుకున్నాను. ఇక నా జన్మలో నా వాకిట్లోకి నీళ్లు రావని మా నాగమణికి మాటిచ్చాను. రాలేదు కూడా.

నా ఇంటి పక్కది గ్రేసమ్మ టీచరు గారి ఇల్లు. మిషన్ బడిలో ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. తాడేపల్లిగూడెంలో ఒక చెల్లెలు ఉండేది. మనిషి సన్నం, చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. ఎండకూ వానకూ వేసేవారు కాదు. దాని మొనతో నేల పొడిచి చూడటానికి, నీళ్లలో దించి లోతు చూడటానికి. ఆవిడకు అవతలి పక్క ఖాసిం గారిల్లు. ముందు గదిలో మూడు కుట్టుమిషన్లు, వెనక గదిలో కాపురం. వీధి మొత్తం మీద ఆయన గడపే పల్లం. మా మూడిళ్ల వెనకాల కొల్లేటి వైపు పోయే మురుగుకాలవ. వీధిలోకి వచ్చిన నీళ్లు టీచరు గారి వాకిట్లోంచి దారి చేసుకుని ఆ కాలవలో పడేవి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిక.

ఆవిడతో నా పరిచయం ఒక అర్జీ వల్ల. రోడ్డు మళ్లీ ఎత్తు చేశారని నేను అర్జీల మీద అర్జీలు రాస్తున్న కాలం. తొమ్మిది పంపాను, ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. పదోది పట్టుకెళ్లి, ఒకసారి చూసి పెట్టండి టీచరు గారండీ అని ఇచ్చాను. చదువుకున్నావిడ మెచ్చుకుంటారని లోపల ఆశ. నిలబడే చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇందులో తిట్లు పదకొండు ఉన్నాయి, సత్యం గారూ. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఒక్కచోటా లేదు.”

“కోపం ఉండదాండీ మరి?”

“ఉండాలండి. కాగితం మీదెందుకు? కాళ్లలో పెట్టుకోండి. వీధి చివరిదాకా నడిచి, ఏ గడప రోడ్డుకి ఎంత కిందుందో కొలుచుకు రండి.”

ఎర్ర పెన్నుతో తిట్లన్నీ కొట్టేసి ఇచ్చారు. ‘జలగలు’ అనే మాట మీద మాత్రం పెన్ను ఒక్క క్షణం ఆగింది. “ఇది బాగుంది గానీ,” అని అది కూడా కొట్టేశారు. నేను రుసరుసలాడుతూనే టేపు పట్టుకుని వీధంతా తిరిగాను. ఆ పదో అర్జీకి ఇంజనీరు వచ్చాడు. ఏమీ చేయలేదనుకోండి. కానీ వచ్చాడు, నిలబడ్డాడు, నా కొలతలు తన పుస్తకంలో రాసుకున్నాడు. నేను రాసింది ఇంకొకడు రాసుకోవడం అదే మొదలు.

ఆవిడకు పూలమొక్కలంటే ప్రాణం. చేమంతులు, కనకాంబరాలు, గుడికి కాదు, జడలో పెట్టుకోవడానికీ కాదు. పొద్దున్నే లేచి చూసుకోవడానికి. ఏటా వానాకాలం నీళ్లు వచ్చి రెండ్రోజులు నిలిచేవి. మడులన్నీ నల్లగా కుళ్లిపోయేవి. ఏటా మళ్లీ వేసేవారు. మూడో ఏడు కూడా అలాగే పోయాక వీధిలో అందరూ సలహా ఇచ్చారు. నేను అందరికంటే గట్టిగా ఇచ్చాను.

“నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించెయ్యండి టీచరు గారండీ. నేను దగ్గరుండి సర్దించి పెడతాను.”

“మెరక వేస్తే ఈ నీళ్లు ఎటు పోతాయండి?”

“పోతాయండి, ఎటో అటు.”

“ఎటో అటు అనే పేరుతో మన వీధిలో ఎవరూ లేరే,” అన్నారావిడ. గొడుగు మొనతో ఖాసిం గారి గోడ వైపు చూపించారు. గోడ అవతల నుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. “ఈ వాకిలి ఎత్తయితే నీళ్లు వెళ్లేది ఆ గడపలోకి. నాకు పూలు పోతాయి. ఆయనకు కూడు పోతుంది. మట్టి వద్దు. రాళ్లు వేద్దాం. రాళ్ల మధ్య మొక్కలు వేద్దాం. నీళ్లు వచ్చి, చూసి, వెళ్లిపోతాయి.”

రాళ్ల తోట అనే మాట నేను వినడం అదే. నవ్వొచ్చింది. మా డెల్టా నేలలో మోచెయ్యి దాకా దిగబెట్టినా రాయి తగలదు. పిల్లలు మామిడికాయ కొట్టాలన్నా మట్టిబెడ్డతో కొట్టాల్సిందే. ఆ మాటే అన్నాను.

“ఇంటింటా ఉన్నాయండి రాళ్లు,” అన్నారు టీచరు గారు. “మీ ఇంట్లో లేదూ? పెరట్లో బోర్లా పడి?”

నిజమే. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక మా వైపు ప్రతి పెరట్లోనూ ఒక రుబ్బురోలు, ఒక సన్నికల్లు, ఒక తిరగలి అనాథల్లా పడి ఉన్నాయి. వాడరు, పారేయరు. రోలు బయటపెడితే ఇంటికి అరిష్టమని భయం. నేను రిక్షా తొక్కితే ఆవిడ వెనక నడుస్తూ ఇల్లిల్లూ అడిగారు. ఒకావిడ అత్తిలి నుంచి కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న రోలట, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“రోలు ఇచ్చేస్తే లక్ష్మి పోతుందంటారండి.”

“ఇప్పుడు పచ్చడి దేంట్లో చేస్తున్నావమ్మా?”

“మిక్సీలోనండి.”

“అయితే లక్ష్మి ఎప్పుడో అందులోకి మారిపోయి ఉంటుందిలే. ఇందులో బల్లులు కాపురం ఉంటున్నాయి. నీ రోలు నా వాకిట్లో ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా వచ్చి చూసుకో.”

ఆవిడ నిజంగానే వచ్చేది. పండగలకు దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టి వెళ్లేది. ఆదివారం చర్చికి వెళ్లే టీచరు గారు ఆ పసుపు చెరగకుండా మొక్కలకు నీళ్లు పోసేవారు.

రోళ్లు పద్నాలుగైనా వాకిలికి చాలలేదు. పెదవేగిలో ఆవిడ పాత శిష్యుడొకడికి పామాయిలు తోట ఉంది. చేలో ఏరి గట్టు మీద పోసిన ఎర్రరాళ్లు ట్రాక్టరు మీద తనే తోలి తెచ్చి, ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. అరవయ్యేళ్ల మనిషి, ఆరో ఎక్కం తప్పు చెప్పిన పిల్లాడిలా. ఆ రాళ్లు దింపుతుంటే చిన్న వాన పడింది. ఆ వాసనే నేను పైన రాసింది.

పేర్చడం నా పని అన్నాను. రాళ్ల సంగతి నాకు తెలియదు గానీ నీళ్ల సంగతి తెలుసుననుకున్నాను. మూడు రోజులు పేర్చాను. టీచరు గారికి జ్వరం వచ్చి లోపల పడుకున్నారు. అడిగేవాళ్లు లేరు. వీధి వైపు పెద్దరాళ్లు ఒకదానికొకటి ఆనించి, సందుల్లో చిన్నరాళ్లు కూరి, పైన జిగటమట్టి మెత్తి, ఈ చివర నుంచి ఆ చివరకు మోకాలెత్తు వరస కట్టాను. దాని వెనక రోళ్లు, రోళ్ల చుట్టూ కొత్త మొక్కలు. లేచి వచ్చి చూసి ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. చేతులు ఏం పని నేర్చుకున్నాయో అదే చేస్తాయి. నేను తోట కడుతున్నాననుకున్నాను. కట్టింది గట్టు.

నాలుగో రోజు తమ్మిలేరు పొంగింది. నీళ్లు వీధిలోకి వచ్చాయి, నా గట్టును తాకాయి, ఆగాయి. టీచరు గారి వాకిట్లోకి చుక్క రాలేదు. నేను మా అరుగు మీద నిలబడి ఆనందంగా చూస్తున్నాను. అంతలో అవతల నుంచి ఖాసిం గారి భార్య కేక వినిపించింది. వాకిట్లోకి దారి దొరకని నీళ్లు పక్కకు తిరిగి ఆయన గడప దాటాయి. నేనూ నాగమణీ పరుగెత్తి వెళ్లేసరికి మంచం కోళ్లు మునిగాయి. మూడు మిషన్లకీ కింద బిగించిన మోటార్లు నీళ్లలో ఉన్నాయి. పెళ్లివాళ్లవి కుట్టడానికి తెచ్చిన జాకెట్టు గుడ్డలు గది నిండా తేలుతున్నాయి. ఖాసిం గారు ఒక్కొక్కటే ఏరి పిండి భుజాన వేసుకుంటున్నారు.

నీళ్లు తీశాక నేను అర్జీ రాయడానికి కూర్చున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే. రోడ్డు ఎత్తు చేసినవాళ్ల మీద, కాలవ తీయనివాళ్ల మీద, ఈసారి తిట్లు లేకుండా, కొలతలతో రాశాను. మంచి అర్జీ. టీచరు గారు శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని రెండుసార్లు చదివారు. ఒక్క మాటా కొట్టేయలేదు. పక్కన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ఒక్క ప్రశ్న రాసి ఇచ్చారు. ‘సత్యం గారి ఇల్లు కట్టకముందు నీళ్లు ఎటు పోయేవి?’

ఇంటికి తెచ్చుకుని చాలాసేపు చూశాను. నాకు జవాబు తెలియక కాదు. నేను కొన్న ఖాళీ పల్లం పేరే ఆ వీధిలో నీళ్లదారి. నాకు అమ్మినవాడు కూడా ఆ మాట దాచలేదు, అందుకే చవక అన్నాడు. నేను నడుమెత్తు మట్టి తోలించాక ఆ దారి టీచరు గారి వాకిట్లోకి తిరిగింది. మూడేళ్లు ఆవిడ చేమంతులు కుళ్లింది నా మెరక వల్ల. అవి అలా కుళ్లుతుండగానే ఆవిడ నా అర్జీ దిద్దిపెట్టారు. రోడ్డుది తప్పు లేదని కాదు. ఉంది, ఇప్పటికీ ఉంది, ఉందనే రాస్తాను. కానీ నా పదకొండు అర్జీల్లో నా ఇంటి కొలత లేదు.

మర్నాడు వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

“ముందే చెప్పొచ్చు కదండీ, టీచరు గారండీ.”

“పూలే కదా పోయాయి. అంతవరకూ నేను సర్దుకున్నాను. ఇప్పుడు ఖాసిం గారి మిషన్లు తడిశాయి. ఇక అడక్కపోతే నా తప్పవుతుంది.”

“నా వాకిలి తవ్వించేస్తానండి.”

“ముందు ఈ రాళ్లు విప్పండి. తరవాతది తరవాత.”

ఖాసిం గారి దగ్గరికి వెళ్లడానికి ఇంకో పూట పట్టింది. ఆయన మోటారు విప్పి ఎండలో పెట్టుకుని కూర్చున్నారు. నేనే పేర్చానండి, నా వల్లే జరిగిందండి అన్నాను. తల ఎత్తి చూశారు.

“మీ గట్టు మాత్రం గట్టిదండి, సత్యం గారూ. అటు ఒక్క చుక్క కారలేదు. కొల్లేటి పనితనం కొల్లేటిదే.”

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. అలా అనేసరికి అక్కడే కూర్చుండిపోయాను. ఆయన స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, రెండో మోటారు విప్పమన్నారు.

రాళ్లు మళ్లీ పేర్చడానికి వారం పట్టింది. ఈసారి టీచరు గారు కుర్చీ వాకిట్లోనే వేయించుకున్నారు. నేను ఒక రాయి పెట్టగానే లేచి వచ్చి, పక్క రాయికీ దానికీ మధ్య తన చెయ్యి దూర్చి చూసేవారు. దూరితే సరే. గాజు తగిలితే జరపమనేవారు. నాకు అలవాటు చావక సందు కనబడితే చాలు చిన్నరాయి కూరేవాణ్ణి. ఆవిడ తీసి బయట పడేసేవారు. రోళ్ల అడుగున చిల్లులు పెట్టించారు, నీళ్లు నిలిచి దోమలు చేరకుండా. “మునిగితే మొక్క చావదండి. నిలవ నీళ్లలో ఉంటే చస్తుంది,” అనేవారు. అన్నిటికంటే కింద మెట్టతామర, దాని పైన వట్టివేరు, ఎత్తున్న రాళ్ల మీద బిళ్లగన్నేరు, కలబంద. కొల్లేటి తుంగ నేనే తెచ్చి నాటాను. మా లంకలో పీకి పారేసే గడ్డి అది. ఆవిడ దాన్ని వాకిలి మధ్యలో పెట్టించి, వచ్చినవాళ్లందరికీ ‘ఇది సత్యం గారి ఊరిది’ అని చూపించేవారు.

మళ్లీ నీళ్లు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మేం ముగ్గురం మా అరుగు మీద నిలబడి చూశాం. నీళ్లు వీధి నుంచి వచ్చి, రాళ్ల మధ్య విడిపోయి, సందుసందునా దూరి, రోళ్ల చుట్టూ తిరిగి వెనక కాలవలో పడ్డాయి. ఖాసిం గారి గడపకు రెండు వేళ్ల కిందే ఉండిపోయాయి. సాయంత్రానికి రాళ్ల మీద పల్చటి ఒండ్రు మాత్రం మిగిలింది. టీచరు గారు గొడుగు మొనతో ఆ ఒండ్రు గీకి చూసి, “ఎరువు కూడా తెచ్చిపెట్టాయి పాపం,” అన్నారు.

నా వాకిలి తవ్వించలేదు. అవసరం పడలేదు. అవసరం పడలేదు కాబట్టి ఇచ్చిన మాట కూడా మెల్లగా మరుగున పడింది. నా గురించి నేను రాసుకోవాల్సిన కొలత ఇది.

మోకాళ్లు పట్టేశాక ఆవిడ తాడేపల్లిగూడెం చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. ఉల్లిపాయల మార్కెట్‌కు దగ్గరిల్లు, వీధంతా ఆ ఘాటే. చివరిసారి నేను వెళ్లినప్పుడు మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిపోయింది. నన్ను ఇంజనీరు గారూ అని పిలిచారు. కానీ లేచి వస్తుంటే చెయ్యి పట్టుకుని అడిగారు. “ఈ ఏడు ఖాసిం గారి ఇంట్లోకి నీళ్లు వెళ్లలేదు కదండీ?” వెళ్లలేదండి అన్నాను. “అయితే సరే,” అని పడుకున్నారు. ఆ చలికాలంలోనే పోయారు. సమాధి మీద పెట్టడానికి నేనూ ఖాసిం గారూ బిళ్లగన్నేరు కొమ్మలు తీసుకెళ్లాం.

ఇల్లు ఈ ఏడు అమ్ముడుపోయింది. కొన్నాయన మంచివాడే. నెమ్మదిగా మాట్లాడతాడు. ఇల్లు కొట్టేసి మెరక వేసి కొత్తది కడతాడట. టిప్పరు దించి వెళ్లాక నేను వెళ్లి పలకరించాను. ఏళ్ల కిందటి సత్యం అయితే అక్కడే వీధి అంతా పోగయ్యేలా అరిచేవాడు. నాకు అరుపు రాక కాదు. కానీ ఆ మనిషి చేస్తున్నది నేను చేసిందే. నేను కాళ్లు చాపుకుని కూర్చున్నది దాని మీదే.

“ఇంకా ఎంత మట్టి కావాలండి మీకు?” అని అడిగాను.

“ఇంకో పాతిక ట్రాక్టర్లన్నా పడుతుందండి. దొరకడం లేదు.”

“మా వాకిట్లో ఉంది. తవ్వి పట్టుకుపొండి. ఇల్లు అరుగు మీదుంది, దానికేం కాదు. వాకిలి మొత్తం, వీధి నుంచి వెనక కాలవ దాకా, నడుమెత్తు దించేయండి. ఆ రాళ్లూ రోళ్లూ మాత్రం నాకివ్వండి.”

ఆయన నా మొహం వంక చూశాడు. పెద్దవాడు కదా, మతి తప్పిందేమోనని అనుమానం.

“అలా చేస్తే నీళ్లు మీ వాకిట్లోకి వస్తాయి కదండీ?”

“రావాలనేనండి.”

నాగమణి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మాటిచ్చారు కదండీ అంది. ఇచ్చాను, ఇద్దరికిచ్చాను, రెండోది ఇన్నేళ్లు ఆగింది అన్నాను. పెరట్లో మా రోలు కూడా ఉందిగా, అదీ పెట్టండి అంది.

నిన్నటితో తవ్వడం అయిపోయింది. తన మెరక కిందికి దిగుతుంటే చూడటం మనిషికి ఏమంత సుఖంగా ఉండదు. ఇవాళ పొద్దుటి నుంచి ఖాసిం గారూ నేనూ రోళ్లు దొర్లిస్తున్నాం. ఇద్దరికీ నడుములు లేవు. రోలుకొకసారి కూర్చుంటున్నాం. పసుపు రాసిన రోలు ముందు పెట్టాం. ఇది రాస్తూ నాలుగుచోట్ల తిట్లు కొట్టేశాను. శిలాఫలకం దగ్గర ఎత్తిపొడుపు మాత్రం కొట్టబుద్ధి కాక వదిలేశాను. ఆవిడుంటే ఏమనేవారో తెలుసు.

ఇందాక ఒక ఎర్రరాయి సరిగ్గా కుదిరింది. పక్క రాయికి ఆనుకుని, చక్కగా, కదలకుండా. ఎంత బాగా కుదిరిందో అని చూసుకుంటున్నాను. ఖాసిం గారు వచ్చి, ఆ రెంటి మధ్యకు చెయ్యి పెట్టి చూశారు. దూరలేదు. నేను గునపం తెచ్చి రాయిని జరిపాను.